పటకా బిళ్ళ: అసలేది, నకిలీ ఏది?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లోని మన పాత ఇళ్ళల్లో అటకమీద ఒక ఇనుప ట్రంకుపెట్టో, కొయ్య సందూకో తప్పకుండా వుంటుంది. అందులో నిఖానామాలు, పాత భూమి కాయితాలు, పెద్దల ఫోటోలు దాచివుంటాయి. వాటి అడుగున అప్పుడప్పుడు ఎండి బిగుసుకుపోయిన ఒక తోలు పటకా, దానికి ఒక ఇత్తడి బిళ్ళ బయటపడుతూ వుంటాయి. పటకా అంటే నడుముకు కట్టే బెల్టు. బిళ్ళ అంటే దాని ముందుభాగాన బిగించే బకిల్. ఆ బిళ్ళమీద ఒక కిరీటమో, ఒక జంతువో, అర్థంకాని అక్షరాలో వుంటాయి. ఇదేమిటని పిల్లలు అడిగితే చాలా ఇళ్ళల్లో వచ్చే జవాబు ఒక్కటే: "మన ఖాందానులో ఎవరో టిప్పు సుల్తాను ఫౌజులో వుండేవారంట. ఇది వారిదే."

ఆ జవాబు వినడానికి గొప్పగా వుంటుంది. కాని అది నిజమేనా? నిజం కాకపోతే ఆ బిళ్ళ అసలు ఎవరిది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెదకడం ఎలాగో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. పాత సైనిక బకిళ్ళను సేకరించే అలవాటు వున్నవాళ్ళం గనుక, చూసీ, తూచీ, పుస్తకాలతో పోల్చీ మేము నేర్చుకున్న నాలుగు మాటలు సంఘం పెద్దల ముందు వుంచుతున్నాము.

మన సీమ, మన సిపాయిలు

ముందు చరిత్ర కొంచెం గుర్తు చేసుకోవాలి. ఏ బిళ్ళ ఏ కాలంలో మన వూళ్ళకు వచ్చివుంటుందో చరిత్రే చెబుతుంది.

1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు తమ రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారు. 17వ శతాబ్దంలో కోట బీజాపూరు సుల్తానుల చేతికి వచ్చింది. బాబయ్య దర్గా, షేర్‌ఖాన్ మసీదు వున్న పెనుకొండలో ఎన్ని రాజ్యాలు మారాయో కోటగోడలకే తెలుసు. 18వ శతాబ్దంలో గుత్తి మరాఠా సర్దారు మురారిరావు, ఆ తరువాత హైదరలీ, టిప్పు సుల్తాను ఈ సీమను ఏలారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఈ ప్రాంతం నిజాం వాటాకు వచ్చింది. 1800లో నిజాం దాన్ని ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. అవే దత్తమండలాలు. 1800 నుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా వున్నాడు. 1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. 2022లో మన మూడు వూళ్ళూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి.

రాజ్యం మారినప్పుడల్లా కత్తిపట్టి బతికిన కుటుంబాలు కొత్త కొలువు వెతుక్కున్నాయి. కొందరు మద్రాసు సైన్యంలో సిపాయిలయ్యారు. కొందరు పక్కనేవున్న మైసూరు మహారాజా కొలువులో చేరారు. ఇంకొందరు కలెక్టరు కచేరీలో, తాలూకా కచేరీలో, పోలీసులో, రైల్వేలో పనికి కుదిరారు. వీరందరి నడుముకూ ఒక పటకా, పటకాకు ఒక బిళ్ళ వుండేది. కాబట్టి మన ట్రంకుపెట్టెలోని బిళ్ళకు ఒక్క సుల్తాను ఫౌజు మాత్రమే కాదు, కనీసం అరడజను పుట్టిళ్ళు వున్నాయి.

సుల్తాను పటకా కథ

పటకా మాట వచ్చింది గనుక సుల్తాను విషయమే ముందు చెప్పుకుందాము. 1799 మే 4న సుల్తాను చివరి ఘడియలు ఎలా గడిచాయో ఆయన వెంటవున్న సేవకుడు రాజాఖాన్ చెప్పగా ఇంగ్లీషువారు రాసుకున్నారు. గాయపడి కోటద్వారం దగ్గర వున్న సుల్తాను కత్తి పటకాను ఒక తెల్ల సోల్జరు పట్టి లాగబోయాడు. సుల్తాను మిగిలిన బలమంతా కూడదీసుకుని చేతిలోని కత్తితో వాణ్ణి మోకాలి దగ్గర నరికారు. వాడు తుపాకీ ఎత్తి ఆయన కణతమీద కాల్చాడు. అంటే, ఒక పటకాను పరాయివాడి చేతికి ఇవ్వనందుకు పోయిన ప్రాణం అది.

ఆ తరువాత భౌతికకాయాన్ని చూసిన మేజర్ అలన్ అనే ఆఫీసరు ఒంటిమీది దుస్తులను వివరంగా రాసిపెట్టాడు. తెల్లని సన్నబట్ట చొక్కా, పూల ఛీటీ ఇజారు, నడుముకు పట్టూ నూలూ కలిపి నేసిన ఎర్రని గుడ్డ, భుజంమీదుగా ఎరుపు, ఆకుపచ్చ పట్టు పటకాకు వేలాడే ఒక సంచి, చేతికి తావీజు. ఇవి తప్ప నగ అనేది ఒక్కటి కూడా లేదని అతని మాట. రాజాఖాన్ సాక్ష్యంలో పటకా వుంది. దానికి బంగారు బకిల్ తరువాతి కథల్లో వచ్చి చేరింది.

ఇప్పుడు బజారులో "టిప్పు బకిల్" అని అమ్మే వస్తువులను చూడండి. పులిబొమ్మ, దానికింద ఇంగ్లీషు అంకెల్లో 1799 అని వేసివుంటుంది. సుల్తాను సర్కారు క్రీస్తుశకం వాడలేదు. ఆయన మొదట హిజ్రీ, తరువాత తాను ప్రవేశపెట్టిన మౌలూదీ సన్ వాడారు. మౌలూదీ లెక్కలో వేసిన నాణేలమీద 1215 మొదలు పైకి సంవత్సరాలు వుంటాయి. ఆ అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలి. సుల్తాను గుర్తయిన పులిచారలు, అంటే బుబ్రీ, ఫౌజు దుస్తులమీద, ఆయుధాలమీద కనబడతాయి. ఇంగ్లీషు అంకెలతో పులిబొమ్మ బకిల్ ఆ ఫౌజులో ఎవరూ కట్టలేదు. తాము ఓడిపోబోయే సంవత్సరాన్ని ముందే తెలుసుకుని బిళ్ళమీద చెక్కించుకునే సైన్యం లోకంలో ఎక్కడైనా వుంటుందా?

ఇస్నాద్, మతన్

నకిలీని పట్టుకునే పద్ధతి మనకు కొత్తది కాదు. హదీసు వేత్తలు పన్నెండు వందల ఏళ్ళ క్రితమే దాన్ని ఒక శాస్త్రంగా చేశారు. హిజ్రీ 256లో, అంటే క్రీ.శ. 870లో కన్నుమూసిన ఇమాం బుఖారీ వంటి పెద్దలు ఒక మాట చేతికి రాగానే రెండు విషయాలు చూసేవారు. ఒకటి ఇస్నాద్. ఎవరు ఎవరి దగ్గర విన్నారు, మధ్యలో గొలుసు ఎక్కడైనా తెగిందా, చెప్పినవాడు నమ్మదగినవాడా అన్నది. రెండవది మతన్. చెప్పిన మాట తనలో తాను సరిగ్గా వుందా, తెలిసిన నిజాలకు విరుద్ధంగా వుందా అన్నది.

దీన్నీ దాన్నీ ఒకే త్రాసులో వేయడం లేదు. హదీసు దీనుకు సంబంధించినది, బిళ్ళ దునియాకు సంబంధించినది. కాని క్రమశిక్షణ మాత్రం మనకు ఎంతో పనికివస్తుంది. బిళ్ళ విషయంలో ఇస్నాద్ అంటే అది ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వచ్చిందన్న వరుస. మతన్ అంటే బిళ్ళ స్వయంగా చెప్పే సాక్ష్యం: దాని అక్షరాలు, బొమ్మ, లోహం, అరుగుదల. ఈ రెండూ కలిస్తేనే "అసలు" అనాలి. ఒకటే వుంటే "కావచ్చు" అనాలి. రెండూ లేకుంటే నోరు మూసుకోవాలి.

బొమ్మ, అక్షరం చెప్పేది

మొదట కిరీటం చూడాలి. విక్టోరియా రాణి కాలపు బిళ్ళలమీద కిరీటం తోరణాలు నడుమ కొంచెం కిందికి కుంగి, రెండు మూపుల్లాగా వుంటాయి. ఆమె 1901 జనవరిలో చనిపోయింది. తరువాత వచ్చిన రాజుల కాలంలో కిరీటం మసీదు గుమ్మటంలాగా పైకి వుబ్బి వుంటుంది. 1953లో ఇంగ్లండులో మళ్ళీ కుంగిన కిరీటం వచ్చింది గాని, అప్పటికి మన దేశంలో కిరీటమే లేదు. 1947 ఆగస్టు 15 తరువాత కూడా కొంతకాలం పాత గుర్తులు నడిచాయి. 1950 జనవరి 26 నుంచి మనది రిపబ్లిక్ గనుక కిరీటం స్థానంలో అశోకుని సింహాలు వచ్చాయి.

రెండవది రాజు పేరు పొడి అక్షరాలు. వి.ఆర్. లేక వి.ఆర్.ఐ. అంటే విక్టోరియా. ఇ.ఆర్.ఐ. అంటే 1901 నుంచి 1910 దాకా ఏలిన ఎడ్వర్డు. జి.ఆర్.ఐ. అంటే జార్జి. చివరి "ఐ" అక్షరం చక్రవర్తి బిరుదుకు గుర్తు. విక్టోరియా ఆ బిరుదుతో ఢిల్లీ దర్బారు జరిపించింది 1877 జనవరి 1న. కుంగిన కిరీటంకింద జి.ఆర్.ఐ. అని వుంటే ఆ బిళ్ళను అనుమానించాల్సిందే.

మూడవది అంకె. మద్రాసు పటాలాలకు 1903లో కిచెనర్ కొత్త నంబర్లు ఇచ్చాడు. పాత నంబరుకు అరవై కలిపారు. ఒకటవ పయనీర్లు 61వ పయనీర్లయ్యారు. 1922లో పటాలాలను కలిపివేసినప్పుడు ఆ నంబర్లు పోయాయి. కాబట్టి 61, 64, 81 వంటి నంబరున్న మద్రాసు బిళ్ళ 1903, 1922 మధ్యది అని చెప్పవచ్చు. ఇంత చిన్న అంకె ఒక తాతగారి ఉద్యోగకాలాన్ని ఇరవై ఏళ్ళలోపు బిగించి చూపిస్తుంది.

నాలుగవది జంతువు, పక్షి. మన హిందూపురం మైసూరు సీమకు పొరుగు. రెండు తలల గండభేరుండ పక్షి మైసూరు మహారాజా ముద్ర. ఆ బిళ్ళ మహారాజా సైన్యానిది కావచ్చు, ప్యాలెస్ నౌకర్లది కావచ్చు. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్టణాన్ని గెలుచుకున్న గుర్రపు దళాల్లో జోధ్‌పూరుతోపాటు మైసూరు లాన్సర్లు కూడా వున్నారు. ఆ మైసూరు దళంలో మన ముస్లిం సిపాయిలు చాలామంది. అయితే గండభేరుండం చూడగానే హైఫా అని ఎగరకూడదు. నేటి కర్ణాటక ప్రభుత్వ ముద్రలో కూడా గండభేరుండం వుంది, దానిమీద అశోకుని సింహాలు వున్నాయి. సింహాలుంటే అది మహారాజు కాలం తరువాతిదే.

లోహం చెప్పేది

ధర్మవరం వారికి ఈ భాగం సులభంగా అర్థమవుతుంది. పట్టుచీర చేతికి వస్తే వారు అంచునుంచి ఒక పోగు తీసి కాల్చి వాసన చూస్తారు. వెంట్రుక కాలిన వాసన వస్తేనే పట్టు. జరీ అయితే గీకి చూస్తారు. లోపల వెండి తెల్లదనం వుందా, రాగి ఎరుపు వుందా అని. బిళ్ళను మాత్రం కాల్చకూడదు, గీకకూడదు. దానికి వేరే పరీక్షలు వున్నాయి.

అయస్కాంతం పెట్టండి. ఇత్తడికి అంటుకోదు. అంటుకుంటే ఇనుముమీద ఇత్తడి పూత వేశారన్నమాట. వెనుక కొక్కేలు మాత్రం కొన్నిటికి ఇనుపవి వుంటాయి. వాటిని లెక్కించకండి.

తూకం వేయండి. మన సరాఫు బజారులో ఎవరైనా చేసి పెడతారు. బిళ్ళను మామూలుగా తూచి, తరువాత దారానికి కట్టి నీళ్ళల్లో వేలాడదీసి తూచాలి. పైన 85 గ్రాములు, నీళ్ళల్లో 75 గ్రాములు తూగిందనుకోండి. తేడా 10. ఎనభై అయిదును పదితో భాగిస్తే ఎనిమిదిన్నర. అది ఇత్తడి లెక్క. ఆరున్నర దగ్గర వస్తే జింకు మిశ్రమం, అంటే ఆధునిక పోతపోసిన అలంకార వస్తువు. మూడుకు లోపు అయితే అల్యూమినియం.

భూతద్దం పెట్టి చూడండి. అచ్చుమీద కొట్టిన బిళ్ళకు గీతలు పదునుగా వుంటాయి. అసలు బిళ్ళను మట్టిలో అద్ది దాన్నుంచి పోతపోసిన నకలుకు గీతలు మొద్దుబారి, చిన్న చిన్న గుంటలు పడి వుంటాయి. కొలత కూడా కొంచెం తగ్గుతుంది. కరిగిన ఇత్తడి గట్టిపడేటప్పుడు నూటికి ఒకటిన్నర పాళ్ళు, ఒక్కోసారి రెండు పాళ్ళదాకా ముడుచుకుంటుంది. 60 మిల్లీమీటర్ల అసలుకు నకలు 59 వస్తుంది. అయితే ఒక జాగ్రత్త. మన దేశంలో పటాలం పక్కన బజారులోనే కంచరివాళ్ళచేత పోతపోయించి బిళ్ళలు చేయించుకున్న రోజులు వున్నాయి. కాబట్టి పోత అయినంత మాత్రాన నకిలీ అని తీర్పు చెప్పకూడదు. ఇంగ్లండులో అచ్చుకొట్టినదని చెప్పి అమ్మే బిళ్ళ పోతదైతే అప్పుడు అబద్ధం దొరికినట్టే.

వెనక్కి తిప్పండి. నకిలీదారు ముఖంమీద పెట్టిన శ్రద్ధ వీపుమీద పెట్టడు. ప్లస్ గుర్తు గాడి వున్న మర విక్టోరియా కాలానిది కాదు. ఆ రకం మరలు 1930లలోనే వచ్చాయి. జిగురుతో అంటించిన కొక్కెం, కొత్త వెల్డింగు మచ్చ, గ్రైండరు గీతలు వుంటే కారణం అడగాలి. సైన్యం సామానుమీద బాణంతల గుర్తు వుండేది. మన దేశంలో చేసినదైతే దానికింద "ఐ" అక్షరం. ఇది కూడా నకిలీ చేయవచ్చుగాని, చాలామందికి అంత ఓపిక వుండదు.

అరుగుదల చూడండి. సిపాయి రోజూ తోమేవాడు, రోజూ చెయ్యి తగిలేది. ఎత్తయిన చోట్లు నున్నగా అరిగి, లోతట్టు మూలల్లో నలుపు నిలిచివుంటుంది. తోలు ఒరుసుకున్న వెనుకభాగం వేరేగా అరుగుతుంది. నకిలీకి నలుపు అంతటా ఒకే తీరుగా పూసినట్టు వుంటుంది. ఉప్పు, పుల్లనినీళ్ళు పోసి తెప్పించిన పచ్చచిలుము గోటికే పొడిగా రాలుతుంది.

పెద్ద బజారులో పెద్ద మోసాలు

ఇది మన వూళ్ళ సమస్య మాత్రమే కాదు. ప్రపంచంలో సేకరణదారులు అన్నిటికంటే ఎక్కువగా వెంటపడేది జర్మను సైనికుల బకిళ్ళు. మొదటి ప్రపంచయుద్ధానికి 13 లక్షలకు పైగా భారతీయులు పనిచేశారు. 1914లో మనవాళ్ళు ఫ్రాన్సులో జర్మనులతో తలపడ్డారు. రెండవ యుద్ధంలో బెంగుళూరు మద్రాస్ శాపర్లు ఆఫ్రికాలో, ఇటలీలో పనిచేశారు. అక్కడినుంచి తెచ్చిన ఒక జర్మను బకిల్ మన ఇళ్ళల్లో బయటపడినా ఆశ్చర్యం లేదు. "దేవుడు మాతో" అనే అర్థమిచ్చే జర్మను మాటలు ప్రష్యా సైనికుని బకిల్‌మీద వుండేవి. యుద్ధానికి ముందువి ఇత్తడి పలకమీద జర్మన్ సిల్వరు గుండ్రటి బిళ్ళ అతికించినవి. 1915 నుంచి ఇనుప రేకు ఒకే ముక్కగా కొట్టారు. నాజీల కాలానివి మొదట అల్యూమినియంవి, తరువాత ఉక్కువి. వీటి ధర పెరిగేకొద్దీ నకిళ్ళు కుప్పలుగా పుట్టాయి.

ఇంకొక వింత వినండి. 1960ల చివరా, 1970ల మొదట్లోనూ టిఫానీ అనే అమెరికా నగల కంపెనీ పేరు చెక్కిన "పాత" ఇత్తడి బకిళ్ళు ఇంగ్లండులో బయలుదేరాయి. వంద ఏళ్ళనాటి అమెరికా కంపెనీల సిబ్బందికి చేసినవన్నారు. కొనేవాడికి నమ్మకం కలగడానికి 1950లో అచ్చయినట్టు తేదీ వేసిన ఒక పుస్తకాన్ని కూడా పుట్టించారు. పరిశీలకులు విచారిస్తే బకిళ్ళతోపాటు పుస్తకం కూడా నకిలీయే అని తేలింది. అంటే మతన్ మాత్రమే కాదు, ఇస్నాద్‌ను కూడా దొంగముద్ర వేయగలవారున్నారు. వస్తువుతోపాటు కాయితం చూపించినా, ఆ కాయితాన్ని కూడా పరీక్షించాలి.

అలంకారానికి నకలు చేయడం తప్పు కాదు. మన దేశంలో ఇత్తడి పనివాళ్ళు చేసే నకళ్ళు చూడముచ్చటగా వుంటాయి. నకలును నకలని చెప్పి అమ్మితే అది హలాల్ రొట్టె. అసలని చెప్పి అమ్మినప్పుడే పాపం మొదలవుతుంది. మదీనా బజారులో ప్రవక్త (స.అ.స) ధాన్యపు రాశిలో చెయ్యిపెట్టి లోపలి తడిని పట్టుకున్న సంఘటన మనందరికీ తెలిసినదే. వానకు తడిసిందని వ్యాపారి చెప్పుకున్నా, ఆ తడిని కొనేవారికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త అడిగారు. పాత వస్తువుల బజారుకు ఇంతకంటే వేరే చట్టం అక్కరలేదు.

బిళ్ళబంట్రోతు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. మన ట్రంకుపెట్టెల్లో బయటపడే బిళ్ళల్లో చాలావాటికి యుద్ధంతో సంబంధం వుండదు. పాత తెలుగులో "బిళ్ళబంట్రోతు" అనే మాట వుంది. కచేరీ పేరు చెక్కిన ఇత్తడి బిళ్ళను పటకాకు తగిలించుకుని, అధికారి వెంట నడిచే నౌకరు. మద్రాసు అని చెక్కిన పోలీసు బిళ్ళ మన ప్రాంతంలో 1953 అక్టోబరుకు ముందుది. అప్పుడే మనం మద్రాసునుంచి విడిపోయి ఆంధ్రరాష్ట్రంలోకి వచ్చాము. ఎం.ఎస్.ఎం. అనే అక్షరాలుంటే అది మద్రాసు, సదరన్ మరాఠా రైల్వే. ఆ కంపెనీ 1908లో ఏర్పడి, 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వేలో కలిసిపోయింది. ధర్మవరం జంక్షనులో జెండా పట్టినవారి, సామాను మోసినవారి కుటుంబాలకు ఆ మూడు అక్షరాలు కొత్తవి కావు.

ఇలాంటి బిళ్ళ అని తేలగానే కొందరి ముఖం చిన్నబోతుంది. "సుల్తాను సర్దారు అనుకున్నాము, తీరాచూస్తే బంట్రోతా?" అంటారు. మేము దీనికి ఒప్పుకోము. ఆ బంట్రోతు ఎండలో వానలో పది మైళ్ళు నడిచి సర్కారు కాయితం అందించాడు. ఆ చిన్న జీతంతో ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాడు, మగపిల్లలను బడికి పంపాడు. ఈరోజు మనలో ఉద్యోగాలు చేస్తున్నవారు, దుకాణాలు నడుపుతున్నవారు ఆ పటకా కట్టినవారి మనవళ్ళే. ఎప్పుడూ లేని ఒక సర్దారును తెచ్చి సందూకులో కూర్చోబెడితే, నిజంగా వున్న తాతను బయటికి గెంటినట్టవుతుంది. నకిలీ వస్తువువల్ల డబ్బు నష్టం చిన్నది. ఈ నష్టమే పెద్దది.

చేయవలసినవి, చేయకూడనివి

ఇత్తడి బిళ్ళ దొరకగానే మన ఇళ్ళల్లో జరిగే మొదటి పని దాన్ని చింతపండుతో తోమడం. హిందూపురంలో చింతపండుకు కరువులేదు గనుక ఈ ప్రమాదం మరీ ఎక్కువ. దయచేసి తోమకండి. మూలల్లోని నలుపు, వెనుకనున్న తోలు మరక దాని వయసుకు సాక్షులు. ఒక్క పూట తోమితే ఆ సాక్షులు చచ్చిపోతారు. మెత్తని పొడిబట్టతో దుమ్ము తుడిచి, నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని చోట పెట్టండి. తోలుకు నూనె రాయకండి.

పాత ఇత్తడికి స్టీలు సామాన్లు ఇస్తామని వీధిలోకి వచ్చేవారికి బిందెలు, చెంబులు ఇచ్చినా, అక్షరాలున్న బిళ్ళను మాత్రం ఇవ్వకండి. అలాగే వెండి పతకాలను కరిగించి గాజులు చేయించకండి. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ అంచుమీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కివుంటాయి. కూలిదళాల్లో పనిచేసినవారికి అదే కంచుతో ఇచ్చారు. పేరులేని బిళ్ళకు పేరున్న పతకం తోడైతే గొలుసులో తెగిన కడియం దొరికినట్టే. డిశ్చార్జి కాయితం, పింఛను పుస్తకం, యూనిఫారంలో దిగిన ఫోటో, ఇవన్నీ బిళ్ళతోపాటే వుంచాలి. ఒకదాన్ని ఒక కొడుకు, మరొకదాన్ని మరొక కొడుకు పంచుకుంటే గొలుసు తెగిపోతుంది.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువును సొంతంగా విదేశాలకు పంపకూడదు. లైసెన్సు లేకుండా అలాంటి వస్తువుల వ్యాపారం చేయకూడదు. పొలంలో పాతిపెట్టిన సొత్తు ఏదైనా దొరికితే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. పెనుకొండ కోట పరిసరాల్లో రాత్రిపూట యంత్రాలు పట్టుకుని తవ్వేవారు తెచ్చే వస్తువును కొనడం ఎంతమాత్రం మంచిది కాదు. నేలలోంచి దొంగగా తీసిన వస్తువుకు ఇస్నాద్ మొదటి మెట్టులోనే తెగిపోయింది.

చివరగా ఒక మనవి. సంఘం వార్షిక సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఇంట్లోని బిళ్ళను, పతకాన్ని, ఫోటోను వెంట తీసుకురండి. బరువు, కొలత, అక్షరాలు, ఎవరినుంచి ఎవరికి వచ్చింది అనే వివరాలు ఒక రిజిస్టరులో రాసుకుందాము. తెలిసినది తెలిసినట్టు, విన్నది విన్నట్టు వేరువేరుగా రాద్దాము. ఎనభై, తొంభై ఏళ్ళ నానీలు, దాదాలు మన మధ్య ఇంకా వున్నారు. తాతగారు ఏ వూరి పటాలంలో చేరారు, ఏ స్టేషనులో పనిచేశారు అన్నది వాళ్ళ నోటనే వినాలి. బిళ్ళ ఇంకో నూరేళ్ళు వుంటుంది. దాని కథ తెలిసిన మనిషి అంతకాలం వుండరు. అందుకని ఈ పండుగకు సెలవు దొరికిన రోజున వారి పక్కన కూర్చుని, బిళ్ళను చేతిలో పెట్టి, "ఇది కట్టుకున్నవారి పేరేమిటి?" అని అడగండి. చెప్పింది తేదీవేసి రాసుకోండి.

మన పెద్దలను వున్నవారు వున్నట్టుగా జ్ఞాపకం వుంచుకునే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.